అవతలోడు

ఏంట్రా, మీ ఆఫీసులో పరాయి దేశం కుర్రాణ్ణి వాళ్ళ దేశం పేరు కలిపి ఏదో ముద్దుపేరుతో పిలిస్తే గొడవైందా? తప్పా కాదా అని నన్నడుగుతావేంటి, ఆ అబ్బాయినే అడుగు. అడిగితే నవ్వేస్తున్నాడా? ఆఁ, మా బావా అంతే, నవ్వేసేవాడు. కూర్చో, చెప్తా. ఆ దుప్పటి ఇలా కాళ్ళమీద కప్పు.

మా నాన్నకి బట్టలు కుట్టే దుకాణం ఉండేదని తెలుసుగా. నేనూ అక్కా వెనకగదిలో కాజాలు కుట్టేవాళ్ళం. ముందుగదిలో పొడుగాటి బల్లమీద గుడ్డ పరిచి కత్తిరించేది మా బావ. అప్పటికింకా బావ కాదులే. మా ఊరి పక్క నది దాటితే వేరే దేశం, అతనిది అక్కడే. అక్కణ్ణుంచి ఎవరొచ్చినా సరే, మావాళ్ళకి 'అవతలోడే'. "ఒరేయ్ అవతలోడా, ఈ చొక్కా చేతులు పొడుగయ్యాయిరా!" "అవతలోడా, టీ వచ్చింది!" పొద్దస్తమానం ఇదే. ప్రేమగానే అనేవాళ్ళు. అబద్ధమెందుకు, నేనూ అనేదాన్ని. అతనేమో పెదాల మధ్య గుండుసూదులు పెట్టుకునే నవ్వేవాడు.

అతనికీ అక్కకీ మనసులు కలిశాయి. నాన్నకి చెప్దామంటాడు ఇతను. అక్క ససేమిరా అంది. "ముందు ఆ పిలుపు మానమని వీళ్ళకి చెప్పు, తర్వాతే పెళ్ళి మాట. రేపు నా పిల్లల్ని కూడా అవతలోడి పిల్లలంటారు" అని. "పోనిద్దూ, నాకు లేని బాధ నీకెందుకు?" అంటాడీయన. ఇద్దరికిద్దరూ మొండిఘటాలు! అక్క మొండితనం సగం నా కూతురికే వచ్చింది, మీ అమ్మ సంగతి నీకు తెలీందేముంది. పెళ్ళి అక్కడే ఆగిపోయింది.

ఓ రోజు దుకాణం నిండా జనం. అక్క తెర తోసుకుని బయటికొచ్చి, అందరిముందూ, "ఒరేయ్ అవతలోడా, ఆ సుద్దముక్క ఇటు పడెయ్" అంది. అంతే! కత్తెర పక్కకి పోయింది. ఖరీదైన కోటుగుడ్డ అడ్డంగా తెగింది. ఆయన మొహం చూడాలి, పాపం, నెత్తురుచుక్క లేదు. అక్క కళ్ళనిండా నీళ్ళు. "బాధ లేదన్నావుగా?" అంది. "నువ్వంటే ఉంది" అన్నాడు. తల దించుకుని, "వాళ్ళన్నా ఉంది. నవ్వకపోతే ఇక్కడ నాకెవరున్నారు?" అన్నాడు.

మిషన్లన్నీ ఆగిపోయాయి. అబ్బ, అందరికీ తల కొట్టేసినట్టయింది. నాన్న కళ్ళజోడు పైకి నెట్టుకుని ఓసారి కోటు వంక, ఓసారి కూతురి వంక చూస్తున్నాడు. నాకేమో ఏం చెయ్యాలో తోచక గ్లాసుతో మంచినీళ్ళు పట్టుకెళ్ళి "తాగు బావా" అనేశాను. నోరు జారానో, కావాలనే అన్నానో ఇప్పటికీ తెలీదు. నాన్న నన్ను చూశాడు, అక్కని చూశాడు. "తాగవయ్యా, మరదలిస్తోంది కదా" అన్నాడు.

ఇంకేముంది! సాయంత్రానికల్లా మిషన్లవాళ్ళందరికీ బావైపోయాడు. టీ కుర్రాడికీ బావే, ఇస్త్రీ ముసలాయనకీ బావే. పెళ్ళయ్యాక ఓసారి ఎవరో పెద్దమనిషి కొలతలకొస్తే, నాన్న "బావా, ఇలా రా!" అని కేకేసి నాలిక్కరుచుకున్నాడు. అల్లుణ్ణి పట్టుకుని బావా అంటాడేంటని దుకాణమంతా ఒకటే నవ్వు. బావైతే బల్లమీద వాలిపోయి, పొట్ట పట్టుకుని, కళ్ళనీళ్ళొచ్చేదాకా నవ్వాడు. అన్నేళ్ళుగా చూస్తున్నాం కదా, ఆయన నవ్వు అలా ఉంటుందని మాకెవరికీ తెలీదురా.

హుఁ... లైటు వెయ్యి నాన్నా, చీకటి పడుతోంది.