మంత్రి కన్నీటి ఉప్పు

మెయిల్ బోటు ఆ పొద్దున థాచ్ పాయింట్ రేవులో రెండు బరువులు దించింది. ఒకటి రూబెన్ శవపేటిక, రెండోది ఎనాక్ స్టర్రప్. పేటికని నలుగురు పట్టుకుని చర్చిలోకి మోసుకెళ్ళారు. ఎనాక్‌ని ఎవరూ మొయ్యక్కర్లేదు, వాడి నోరే వాణ్ణి ఎంత దూరమైనా మోసుకుపోతుందని మా ఊళ్ళో చిన్నాపెద్దా అందరికీ తెలుసు.

అలాంటివాణ్ణి రాజధాని నసావుకి పంపడం తప్పే. కానీ ఇంకెవరున్నారు పంపడానికి? మిగతావాళ్ళం టై కట్టుకున్న మనిషి ఎదురైతే పేరు కూడా మర్చిపోయే రకం. పంపిన పని ఒక్కటే. మంత్రిని కలిసి, కంచె గేటు తియ్యమని చెప్పించుకు రావాలి.

కంచె అంటే హోటలు. దానికో పెద్ద పేరుండేది, ఇప్పుడు ఆ పేరు ఎవరికీ నోటికి రాదు. ఎక్కడిదో పరాయిదేశపు కంపెనీ వచ్చి ఇసక తీరమంతా హోటలు కడతానంది. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు మన ప్రభుత్వం తీరంతోపాటు మా శ్మశానం కూడా కలిపి వాళ్ళకి లీజుకి రాసిచ్చేసింది. గోడలు సగం లేచాయి, కుర్రాళ్ళు పన్లో చేరారు, ఆ ఉద్యోగాలు చూసి పెళ్ళిళ్ళు చేసుకున్నారు, అంతలో కంపెనీ దివాలా తీసి దులిపేసుకు పోయింది. మిగిలినవి అమ్మిపెట్టడానికి కోర్టు ఒక ఆసామిని పెట్టింది. ఆ మహానుభావుడు వచ్చి చుట్టూ కంచె బిగించి, గేటుకి తాళం వేసి, సెక్యూరిటీని పెట్టి వెళ్ళిపోయాడు. మా వాళ్ళు లోపలున్నారయ్యా, గేటు తియ్యవయ్యా అంటే, స్థలం ప్రభుత్వానిది, వాళ్ళనడగండంటాడు. ప్రభుత్వాన్నడిగితే, కేసు కోర్టులో ఉంది, మేం నోరు మెదపకూడదంటుంది. లీజు రాసినప్పుడు మెదిపిన నోరు ఇప్పుడేమైందో దేవుడికే తెలియాలి.

రూబెన్ కూతురు ఆల్మా చిన్నప్పుడే పోయింది, ఆ పిల్ల సమాధి లోపలుంది. సమాధి కనపడకుండా గడ్డి పెరిగిందని కిందటేడు రూబెన్ కంచె దూకాడు. గడ్డి పీకుతుంటే పట్టుకుని, చేతులకి సంకెళ్ళేసి, బజారులోంచి నడిపించుకుపోయారు. ఆ మనిషి ఆ రోజునుంచి తలెత్తి ఎవరితోనూ మాట్లాడలేదు. మొన్న నసావు ఆసుపత్రిలో పోయేముందు భార్య యూలలీతో ఒకటే మాటన్నాడు, పాప పక్కన పెట్టండి అని.

ప్రభుత్వం వేరే చోటు చూపించింది. విమానాలు దిగే చోటు వెనక, చెత్తకుప్ప పక్కన, గునపం దిగని రాతినేల. మా దీవిలో శవాన్ని దాచే చల్లగది లేదు, చేపల ఐసు ఎంతసేపని కాస్తుంది? పొద్దువాలేలోగా రూబెన్‌ని ఎక్కడో ఒకచోట మట్టిలో పెట్టాలి.

అందుకే అందరం ఇనెజ్ పిన్ని పాకలో చేరాం. రేవు పక్కనే శంఖాలు పగలగొట్టి మాంసం తీసే పాక అది. ఇనెజ్ పిన్ని పొయ్యి మీద చేప ఉడుకుతోంది. కార్నీలియస్ డామినో బిళ్ళలు పరిచాడు గానీ ఎవరూ ఆడటం లేదు. యూలలీ నల్లబట్టల్లో ఓ పక్క స్టూలు మీద కూర్చుంది. ఎనాక్ వచ్చి మధ్యలో నిలబడ్డాడు. గేటు సంగతి ఏమైందని ఎవరూ అడగలేదు, అందరం వాడి మొహంలోకే చూస్తున్నాం. అలాంటప్పుడు వాడికి తెలిసిన మందు ఒక్కటే.

"పెద్దగా చేసిందేమీ లేదు వదినా," అని మొదలెట్టాడు యూలలీతో. "మంత్రి ఆఫీసుకి వెళ్ళాను. మెట్లెక్కాను. లోపలికెళ్ళాను."

"లోపలికే?" అన్నాడు కార్నీలియస్.

"లోపలికి కాక పెరట్లోకి వెళ్తానా బావా? గుమ్మం దగ్గర పోలీసాయన, ఈ స్తంభమంత మనిషి, ఎవరు నువ్వని అడ్డం పడ్డాడు. థాచ్ పాయింట్ నుంచి ఎనాక్ స్టర్రప్‌ని అన్నాను. అంతే, టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. మీ గురించి మా నాన్న చెప్పేవాడండీ అన్నాడు. నేనేమో, సరేలే, తలుపు తియ్యి, ఇంకోసారి తీరిగ్గా మాట్లాడుకుందాం అన్నాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"నువ్వు చెప్తేగా తెలిసేది," అంది ఇనెజ్ పిన్ని.

"మంత్రి బల్ల వెనక కూర్చుని ఉన్నాడు. మన చర్చి పొడుగుంటుంది పిన్నీ ఆ బల్ల, ఈ చివరనుంచి ఆ చివరకి కబురు పంపాలంటే మనిషిని తోలాలి. ఏం కావాలన్నాడు. గేటు కావాలన్నాను. కేసు కోర్టులో ఉందన్నాడు. అదిగో ఆ మాట వినగానే నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. చచ్చినవాళ్ళ మీద కేసేంటయ్యా, మా తాత మీ కోర్టుకి బాకీ ఉన్నాడా, మా అమ్మమ్మ ఏమన్నా హోటల్లో వాటా కొందా, మంచినీళ్ళడిగితే కోర్టు, దారడిగితే కోర్టు, మరి మా తీరాన్ని పంచిపెట్టేటప్పుడు కోర్టు ఏ ఊరెళ్ళింది అని, బల్ల మీద ఒక్క గుద్దు గుద్దాను. పైన తిరుగుతున్న ఫ్యాను ఆగిపోయింది. కాసేపాలోచించుకుని వెనక్కి తిరగడం మొదలెట్టింది."

పాకలో ఎవరో చిన్నగా నవ్వారు. ఆ నవ్వు వినగానే ఎనాక్‌కి ప్రాణం లేచొచ్చింది.

నిజానికి ఆ గుమ్మం బయట బెంచీ ఒకటుంది. వాడు ఒక రోజంతా దాని మీద కూర్చున్నాడు, మర్నాడు మళ్ళీ వెళ్ళి కూర్చున్నాడు. బల్ల దగ్గరమ్మాయి తలెత్తి, ఏం పని మీద వచ్చారండీ అని మర్యాదగానే అడిగింది. చల్లటి గది, నున్నటి నేల, గోడ మీద పెద్దపెద్దవాళ్ళ ఫొటోలు. ఎనాక్ స్టర్రప్ నోరు తెరిచాడు, నాలుక ఎండుచేపలా అంగిట్లో అతుక్కుపోయింది. ఊరికే వచ్చానమ్మా అన్నాడు. పుట్టాక వాడికి మాట పడిపోవడం అదే మొదటిసారి. మెయిల్ బోటు బయల్దేరే వేళకి లేచొచ్చేశాడు, దారి పొడుగునా రూబెన్ పేటిక పక్కనే కూర్చున్నాడు, దాని వంక చూడలేకపోయాడు.

"ఫ్యాను సంగతి సరే, మంత్రి ఏమన్నాడు?" అన్నాడు కార్నీలియస్.

"ఏమంటాడు, మళ్ళీ కోర్టే అన్నాడు. ఇది మాటలతో అయ్యే పని కాదని సంచిలోంచి మన శంఖం తీసి ఊదాను. నసావులో కిటికీ అద్దమన్నది మిగల్లేదు. అవతల కోర్టులో జడ్జిగారు జాతీయగీతం అనుకుని లేచి నిలబడ్డాడు, ఇప్పటికీ కూర్చోలేదట, కూర్చోమని చెప్పే అధికారం ఎవరికుందో తేలడం లేదు. రేవులో తిరనాళ్ళకొచ్చినట్టు నిలబడి ఉన్న టూరిస్టు ఓడలు, ఎంత పెద్ద ఓడో వస్తోంది, దారివ్వాలని వెనక్కి తిరిగి వాళ్ళ దేశం వెళ్ళిపోయాయి. జనం ఐస్‌క్రీములు చేత్తో పట్టుకుని బజార్లోనే ఉండిపోయారు పాపం."

"ఆ ఓడలకైనా దారి దొరికింది వెనక్కి," అంది ఇనెజ్ పిన్ని, చేప పులుసు కలుపుతూ.

"విను పిన్నీ. అప్పుడు మంత్రి ఏడుపు అందుకున్నాడు. మామూలు ఏడుపా అది? ఎన్నేళ్ళనుంచి దాచుకున్నాడో, బొట బొటా మొదలై ధారగా దిగింది. తివాచీ తడిసింది, మెట్ల మీదుగా కిందకి పారింది, గుమాస్తాలు బల్లలెక్కి కూర్చున్నారు. నేను మంత్రి బల్లనే తిరగేసి పడవ చేసుకుని, కుర్చీ చెక్కతో తెడ్డేసుకుంటూ మంత్రి దగ్గరికి వెళ్ళాల్సి వచ్చింది. ఏడవకయ్యా, చేసేటప్పుడుండాలి బుద్ధి అన్నాను. ఎండ కాసి ఆ నీరంతా ఆవిరై ఉప్పు మిగిలిందా, బస్తాలకెత్తి అక్కడే పాటర్స్ కే అనే రేవులో చేపలవాళ్ళకి అమ్మేశాను. కాస్త చేదుగా ఉందన్నారు. ప్రభుత్వపు ఉప్పు కదా, అలాగే ఉంటుందన్నాను."

ఈసారి అందరం నవ్వాం. నవ్వి, చర్చి వైపు చూసి, తప్పు చేసినట్టు తలలు దించుకున్నాం. యూలలీ నవ్వలేదు. కానీ వింటోంది, చేతులు ఒళ్ళో పెట్టుకుని, ప్రార్థన వింటున్నట్టు.

ఆమె వింటోందని చూశాక ఎనాక్‌కి కళ్ళెం తెగింది.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా వదినా? ఎనాక్ గారూ, నావల్ల కావడం లేదు, ఈ కుర్చీలో మీరే కూర్చోండి అన్నాడు మంత్రి. కూర్చున్నాను. కూర్చుని ఫోన్ తెప్పించి, ఎక్కడో సముద్రాలవతల దాక్కున్న కంపెనీ ఓనరుకి కలపమన్నాను. వాడు హలో అన్నాడు. నేను రూబెన్ పేరు చెప్పాను. పేరే, ఇంకేం చెప్పలేదు. ఇంత మంచిమనిషికి సంకెళ్ళేయించానా అని వాడు ఆ చివర కూలబడ్డాడు. వస్తాడు. సున్నం బకెట్టు, బ్రష్షూ తనే కొనుక్కుని విమానం దిగుతాడు. మోకాళ్ళ మీద దేక్కుంటూ మన సమాధులన్నిటికీ తన చేతుల్తో సున్నం వేస్తాడు, ముందు ఆల్మాది, దాని చుట్టూ గులాబీరంగు శంఖాలు పేరుస్తాడు, కలుపు ఒక్క పోచ లేకుండా పీకుతాడు, మళ్ళీ ఒక్కటి మొలిచినా వచ్చి పీకుతాడు. కంచె తీగంతా చాపలా చుట్టి సముద్రంలో పారేయిస్తాడు. గేటు తియ్యమని మంత్రి కుర్చీలోంచి నేనే ఆర్డరేశాను వదినా. రూబెన్‌ని పాప పక్కన..."

అక్కడ ఆగి, తల తిప్పి చర్చి వైపు చూశాడు.

యూలలీ అడిగింది. "అయిందా ఎనాక్?"

"అయింది వదినా."

"నువ్వు నసావు చేరకముందే, ఆదివారంనాడే మంత్రి విమానమెక్కాడు. కంపెనీకి అప్పిచ్చిన బ్యాంకువాళ్ళతో మాట్లాడ్డానికట. ఇంకా తిరిగి రాలేదు. పొద్దున వార్తల్లో చెప్పారు."

ఎనాక్ ఇనెజ్ పిన్ని వైపు చూశాడు. ఆవిడ పొయ్యి వైపు తిరిగింది. కార్నీలియస్ డామినోలు కలుపుతున్నాడు. రేడియో పాక స్తంభానికే వేలాడుతూ ఉంది, ఎనాక్ నెత్తికి జానెడు పైన. పొద్దున్నే అందరం విన్నాం. తెలిసే కూర్చున్నాం, తెలిసే నవ్వాం. మరి అలాంటి పూట ఊరికే ఎలా కూర్చుంటాం?

"వదినా, నేను..." అన్నాడు ఎనాక్.

"నిన్ను తిట్టడానికి అనలేదు," అంది యూలలీ. "లోపలికి రానిచ్చి ఉండరని నువ్వు వెళ్ళిన రోజే అనుకున్నాను. పెద్దపెద్దవాళ్ళకే దారి లేదు అక్కడ. ఇప్పుడు నా మాట విను. గేటు దగ్గర సెక్యూరిటీ కుర్రాడు మన దీవి వాడు కాదు. వాడిది రాయి కాదు గుండె. నేను కంచె ఇవతల కూర్చుని ఏడుస్తుంటే నీళ్ళ సీసా తెచ్చి తీగలోంచి ఇచ్చాడు. వాడికి తియ్యాలనే ఉంది, తీస్తే ఉద్యోగం పోతుంది. రేపు పైవాళ్ళు నిలదీస్తే చెప్పుకోవడానికి వాడికో సాకు కావాలి. మంత్రి పంపాడని ఒక మనిషొచ్చి గట్టిగా చెప్పాడు, నేను నమ్మాను అని చెప్పుకోవాలి. ఆ చెప్పే మనిషివి నువ్వు. మేం పేటిక ఎత్తుకుని నీ వెనక వస్తాం."

ఎనాక్ స్తంభం పట్టుకున్నాడు. "అబద్ధమని సాయంత్రానికల్లా తేలిపోతుంది."

"తేలనీ. అప్పటికి రూబెన్ పాప పక్కనుంటాడు. పూడ్చినవాణ్ణి తవ్వి తియ్యమని చెప్పే ధైర్యం ఈ ప్రభుత్వానికి లేదు. ఓట్లడగడానికి మళ్ళీ ఈ రేవులోనే దిగాలి."

"నన్ను పట్టుకుపోతారు వదినా."

"పట్టుకుపోతారు. మంత్రి పేరు వాడుకున్నావని రూబెన్ మీద పెట్టినదానికంటే పెద్ద కేసే పెడతారు. కాదని నీకు అబద్ధం చెప్పను. నువ్వు లోపలున్నన్నాళ్ళూ నీకు అన్నం నేను వండి పంపుతాను. వద్దనుకుంటే ఇప్పుడే చెప్పు. చెత్తకుప్ప దగ్గర తవ్వడానికి పలుగులు వెతుక్కుంటాం, నిన్ను ఒక్క మాట అనను."

ఆ బెంచీ, ఆ చల్లటి గది, ఏం పని మీద వచ్చారండీ అన్న ఆ పిల్ల గొంతు ఎనాక్‌కి మళ్ళీ గుర్తొచ్చాయి. ఎవరూ తొందరపెట్టలేదు. పొయ్యి మీద పులుసు పొంగి కిందికి కారింది, దాన్నీ ఎవరూ దించలేదు.

చివరికి కార్నీలియస్ డామినోలు డబ్బాలో పోసి మూత పెట్టాడు. "ఉప్పు బస్తాల సంగతి మాత్రం తియ్యకు బావా," అన్నాడు. "మిగతాది నడుస్తుంది."

ఎనాక్ చొక్కా బొత్తాలు మెడదాకా పెట్టుకున్నాడు. "పద వదినా," అన్నాడు. దానికి ఇంకో మాట కలపలేదు.