తళతళలాడే బ్రెడ్డు గిన్నె

హలో… ఆ, నేనేలే అమూల్యా, మీ యమ్మనే. ఇంగెవురెత్తుతారు ఫోను? ఈడ అందరూ మిషను చుట్టూ నిలబడుకోని కొట్లాడుతాండారు.

…

అదే, నువ్వు కర్నూలు నుంచి తెచ్చిచ్చింటివే, ఆ బ్రెడ్డు మిషనే. నీకే వాపసు పంపిస్తానంటాడు మీ నాయన. మీ యన్న అట్టపెట్టెకు తాడు కడతాండాడు. మీ వదిన వద్దంటాంది. వాడు కట్టింది కట్టినట్టే ఇప్పుతాంది.

…

నేనా? పోతే పోనీ అంటి. నా పొయ్యి గట్టు మీద సగం జాగా అదే తినె. గ్రైండరును కిందికి దించి దాన్ని పైకెక్కించినాడు మీ నాయన—

నిదానమబ్బా! ఫోన్లో మాట్లాడుతాండా కనపడలేదా?

ఆ, చెప్పు.

…

ఎందుకంటే ఏం చెప్పాల? మొదట్లో బాగనే ఉండె. అంగడి మీ యన్న వేణుకు అప్పజెప్పినాక మీ నాయనకు పొద్దు పోయేది కాదు గదా. నా ఎనకాల నిలబడుకోని పప్పులో ఉప్పెక్కువ, తిరగమాతలో ఇంగువ తక్కువ అని నా పానం తీస్తాండె. మిషను వచ్చినాక నా జోలి మానుకునె. అంగట్లో మూలకేసిన తక్కెడ ఇంటికి తెచ్చినాడు. పిండికి తూకం, నీళ్లకు తూకం, చిటికెడు ఉప్పుకు గుడక తూకమే. కుర్చీ ఏసుకోని, మూతకుండే అద్దంలోంచి తొంగి తొంగి చూస్తా కూచునేది. మద్దెలో కరెంటు పోయిందనుకో, కాన్పు గది బయట నిలబడినట్ట… నువ్వు పుట్టినప్పుడు గుడక అంత గాబరా పడలేదులే.

…

నవ్వాకు.

…

బ్రెడ్డా? దూది మాదిరి వస్తాండె. నేను తినలేదనుకో… సరే, తింటి. చింతకాయ తొక్కు పెట్టుకోని రెండు ముక్కలు తింటి. పోయిన నెల ఒంటిమిట్టకు పోతే పులిహోర గుడక కట్టనీలేదు. సంచినిండా బ్రెడ్డే.

…

ఇప్పుడా? ఇప్పుడు గిన్నెను ఇడిసిపెట్టేదే లేదమ్మే. అడుగంతా అతుక్కోని రానంటాది. నిన్నటిదాన్ని మీ నాయన అట్లకాడతో పెళ్లగించి, ఎదురింటి వెంకటేశ్వరమ్మకు ఒక ముక్క పంపించె. కొంచెం సేపటికి ఆయమ్మ తమలపాకులో ఏందో పెట్టుకోని వచ్చింది. "వదినా, మీ బ్రెడ్డులో ఇది ఉండాది. ఏమన్నా మొక్కుబడా?" అనె.

…

అడుగున పిండి తిప్పే రెక్క! ముక్కతో పాటే పోయింది. పండ్లు ఊడలేదు, అదే పదివేలు.

…

మీ నాయన మొగం చూడాల. రేత్రి అన్నం గుడక సరింగా తినలేదు. "నా చేతికి రాదులే, అంగట్లో కూచునేటోనికి ఇయ్యన్నీ ఏంటికి" అనె. పొద్దన లేసి తక్కెడ తుడిచి పక్కన పెట్టినాడు.

…

పిండా? అదే పిండి. ఈస్టు కొత్తదే. నీళ్లు గుడక… తూకమే అంటి గదా!

…

కడిగేదా? నేనే. ఇంగెవురు కడుగుతారు? చేసేంతవరకే మీ నాయన.

…

దేంతోనంటే? బోకులు దేంతో తోముతారు? చింతపండు, బూడిద, టెంకాయ పీచు. లోపలంతా మసి పట్టినట్టు నల్లగా ఉండె గదా. పోయిన ఆదివారం కూచోని ఒక పట్టు పడితి. మొదట రాలే. నేనిడుస్తానా? రెట్టలు పడిపోయినాయి గాని, ఇప్పుడు చూడు, వెండి గిన్నె మాదిరి తళతళలాడుతాంది. మొగం చూసుకోవచ్చు. నువ్వొచ్చి చూస్తే—

…

ఏందీ?

…

మసి కాదా?

…

పూతా? అతుక్కోకుండా కంపెనీవాళ్లే పూసిందా? … మీ వదిన దోశ పెనం మాదిరా? దాన్ని నేనెప్పుడు ముట్టినా? నాది ఇనప పెనం… మరి నాకు చెప్పొద్దా ముందే?

…

అరవాకమ్మే, వాళ్లకు వినపడతాది. ఉండు, వాకిట్లోకి వస్తాండా.

…

ఆ, చెప్పు. అంటే… నేను తోమిన మరుసటి దినం నుంచే అతుక్కుండేది. అయ్యో నా చేతులు పడిపోను.

…

చెప్పేదా? మీ నాయనకా? నేను చెప్పను. ఇన్ని దినాలు నా పప్పులో ఉప్పు లెక్కబెట్టిన మనిషి. ఇప్పుడు నేను ఆయన చేతికి దొరికిపోతే, ఇంగ చింతపండు చూసినప్పుడల్లా ఎత్తిపొడుస్తాడు. మనింట్లో దినామూ రసమే గదా.

…

నవ్వాకంటాంటే!

…

గిన్నె ఒకటే దొరుకుతాదా? అయితే తెప్పీ. మిషను నీ దగ్గరికి వచ్చినాక దాంట్లో పెట్టి పంపీ. బాగు చేపిచ్చినా అని చెప్పు. అబద్దమేముండాది దాంట్లో?

…

ఊఁ.

…

అవును. తన చేతిదే తప్పనుకుంటాండాడు, నిజమే.

…

ఈడ్నుంచి కనపడతాండాడు. తక్కెడ సంకలో పెట్టుకోని మెట్లు దిగుతాండాడమ్మే, మళ్లా అంగట్లో పడేసేదానికి. ఎట్ల పోతాండాడో చూడు, పెండ్లిలో మర్యాద జరగనోడి మాదిరి… ఉండు. పెట్టేయాకు.

ఇదో, ఆ తక్కెడ కింద పెట్టండి. వేణూ, తాడిప్పు. హరితా, నువ్వూ ఇట్ల రా. ఒక మాట చెప్తా, మద్దెలో ఎవురూ మాట్లాడొద్దు.

మిషను యాడికీ పోదు. బ్రెడ్డు చెడింది ఈయన చేతితో కాదు, నేను తోమినందుకు. ఆ నలుపు మసి కాదంట, పూతంట. చింతపండేసి నేనే గీకేస్తి. అమూల్య కొత్త గిన్నె పంపిస్తాంది. దాన్ని నేను ముట్టను. ఎవురు చేస్తే వాళ్లే కడుక్కోవాల. గోరువెచ్చని నీళ్లు, మెత్తటి గుడ్డ. ఇంగ ఆదివారం పొద్దన నేను పొయ్యి ముట్టించను. టిఫిను ఈయనదే. అంతే.

హలో… విన్యావా?

…

మీ వదినా? నోటికి కొంగడ్డం పెట్టుకునింది. వేణు తాడు ఇప్పుతాండాడు.

…

మీ నాయనా? తక్కెడ తెచ్చి మళ్లా గట్టు మీద పెట్టినాడు. నా దిక్కే చూస్తాండాడు…

ఏందీ? మళ్లా చెప్పండి?

…

పెట్టేస్తాండా అమ్మే. ఆ గిన్నెకు చింతపండు ఎంత పట్టింది, తూకం చెప్పమంటాండాడు.