పేరు చెప్పని పిల్లగాడు

నాచారంల హన్మయ్య ఇల్లు, ఆదివారం పొద్దున. పెండ్లిచూపులు షురువై శానా సేపాయె, హన్మయ్య మాత్రం ఇంకా పేరు కాడనే ఆగిండు.

"అట్లంటే ఎట్ల బాబూ? పేరే గద అడిగిన. ఆస్తి అడిగిన్నా?"

"పేరుతోనే మొదలెడతారండీ వాళ్ళు. ముందు పేరు, తర్వాత పుట్టినరోజు. చెప్పామా, అయిపోయాం."

"ఎవరు వాళ్లు?"

"ఎవరైనా. మీరే అనుకోండి. మీరెవరో నాకు తెలీదు. తియ్యగా మాట్లాడతారు, ఉప్మా పెడతారు..."

"ఉప్మా మంచిగ లేదా?"

"బ్రహ్మాండంగా ఉందండి. అదే చెప్తున్నా, అక్కడే మనిషి మెత్తబడిపోతాడు. అవునూ, మిగతావాళ్ళు ఎప్పుడొస్తారండీ?"

"మీవోళ్ల సంగతి నన్నడుగుతవేంది? సరే, పేరు ఇడ్సిపెట్టు. పుట్టిన తేదీ, టైము చెప్పు."

"ఆహా! ఎంత సహజంగా అడిగేశారండీ! చెప్పను."

"అమ్మ పుట్టింటి పేరన్న చెప్పు."

"అబ్బో, అది మరీ ముఖ్యం. బ్యాంకువాళ్ళు అడిగే ప్రశ్న అది. చచ్చినా చెప్పకూడదు."

"వరస తెల్వొద్దా? రేపు అన్నచెల్లెలు వరస గిట్ల అయితే ఎట్ల?"

"ఈ సాకు నేనెప్పుడూ వినలేదండి. కొత్తగా ఉంది. ఎవరైనా పడిపోతారు."

"నువ్వు కంప్యూటర్ల కొలువే గద?"

"సైబర్ సెక్యూరిటీ అండి. ఉప్పల్లో ఆఫీసు."

"హమ్మయ్య, ఒక్కటన్న చెప్పిండు. సంతోషీ, జర వంటింట్లకు రా బిడ్డా."

"ఏంది నాయినా?"

"మెల్లగ మాట్లాడు, ఇనబడ్తది. గీ పిల్లగాడేంది, పోలీసోల్లు కొట్టినా నోరిప్పేటట్టు లేడు! కరీంనగరోల్లని చెప్పిండు పంతులు. గీయనేమో అండీ, అండీ అని గోదారి యాస తీస్తుండు."

"ఆఫీసుల అందరు గట్లనే మాట్లాడుతరు."

"ఫోటోల మీసాలుండె గద?"

"తీసేసిండేమో."

"అమ్మానాయిన లేకుంట ఒక్కడే ఎవడొస్తడు బిడ్డా?"

"ఎనక వస్తరేమో. చాయ్ సల్లారుతది, పో నాయినా."

"ఇదే ఆఖరు, ఇంకెవ్వని ముందల కూసోనని నువ్వు ఒట్టు పెట్టుకోకపోతే, గీ పాటికి చెయ్యి వట్టి మెట్లు దింపుతుంటి."

"దింపకు. అయిదుగురొచ్చి పోయిన్రు, ఒక్కని మాటకన్న నవ్విన్నా నేను? ఇయ్యాల నవ్వాపుకోలేక సస్తున్న."

"నవ్వినవా? నిజంగ?... సరే, సరే, పోత. ఆఁ బాబూ, మా దాంట్ల దాపరికం లేదు, మావన్ని చెప్తా ఇను. మా సంతోషి పుట్టింది మల్లాపూర్ల, శ్రావణ మాసం, శుక్రవారం పొద్దున్నే..."

"అంకుల్, ఆగండాగండి! ఎవరో తెలియని మనిషికి ఇలా చెప్పేస్తారా?"

"తెలియని మనిషేంది, ఇంటికొచ్చినోనివి! ఇగో నా ఫోను, బిడ్డ ఫోటోలు సూడు. పాస్‌వర్డు సంతోషి. ఫోనుకు, బ్యాంకుకు, కరెంటు బిల్లుకు, అన్నిటికి సంతోషే."

"ఇంట్లోవాళ్ళ పేర్లు పెట్టకూడదండీ!"

"మరి పక్కింటోల్ల పేరు పెట్టుకోవాల్నా? ఏదన్న మర్చిపోతగని, బిడ్డ పేరు మర్చిపోతనా?"

"మర్చిపోరు. దొంగ కూడా అదే అనుకుంటాడు. మీకు ఎవరంటే ప్రాణమో చూసి, ముందు ఆ పేరే కొట్టి చూస్తాడు. పొడుగ్గా, ఎవరికీ తట్టనిది పెట్టండి. ఒక్కోదానికి ఒక్కోటి. దానిమీద రెండో తాళం కూడా వెయ్యాలి."

"రెండోదెందుకు?"

"పాస్‌వర్డు ఒక్కటే చాలదండి. ఫోనుకి ఓటీపీ వస్తుంది, అదీ కొడితేనే తెరుచుకుంటుంది. ఆ ఓటీపీ కన్నతల్లి అడిగినా చెప్పొద్దు."

"మా ఇంట్ల కూడ గంతే. నేను ఊ అంటే సరిపోదు, బిడ్డ కూడ ఊ అనాలె. ఇగ బాబూ, ఆ ఇచ్చిపుచ్చుకునే సంగతి..."

"ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి."

"ఏందీ?"

"ఎవరడిగినా, ఎంత మర్యాదగా అడిగినా ఒక్క రూపాయి ఇవ్వొద్దు. అడిగాడంటేనే వాడు దొంగ."

"ఏమే శ్యామలా! నీ బిడ్డకు కాబోయేటోని మాట ఇన్నవా? ఒక్క రూపాయి వద్దంటుండు! నీలాంటి పిల్లగాన్ని నేను సూడలే బాబూ, కండ్లల్ల నీళ్లొస్తున్నయి. ఇంక ఆలస్యమొద్దు, ఇప్పుడే తాంబూలాలు మార్చుకుందాం. దాటిపోతే మళ్ల మూఢం వస్తది!"

"ఓహో, పెళ్ళి సంబంధం పేరుతో! ఈ మోసం ఈ మధ్య బాగా నడుస్తోందండి. ఇప్పుడే, ఇవాళే, లేకపోతే పోతుంది అని తొందరపెడతారు. గుర్తుపట్టే కిటుకు అదే."

"నేను మోసగాన్నా?"

"అద్భుతంగా చేస్తున్నారండి."

"ఏం చేస్తున్న?"

"నటన! నేనే నమ్మేద్దును."

"నాయినా, నువ్వు కూసో. నేనొక మాట అడుగుత. ఏమండీ, మీరు ఎవ్వర్ని నమ్మరా?"

"నమ్మాలనే ఉంటుందండి. అన్నీ సరిచూసుకుని నమ్ముతాను."

"నన్ను సరిచూసుకోనీకి ఎన్ని రోజులు పడతది?"

"మిమ్మల్నా? అది... అంటే... అది బేసిక్స్‌లో రాదండి."

"నాయినా, నాకు నచ్చిండు."

"ఏమన్నవ్? మళ్లొక్కసారి అను బిడ్డా! శ్యామలా, స్వీటు తే... ఆగు, ఫోను. హలో? ఆఁ, హన్మయ్యనే. ఉప్పల్ల ట్రాఫిక్కా? ఎవరు, మీరు కరీంనగర్... పిల్లగాడు మీ కార్లనే ఉన్నడా? మరి నా సోఫాల కూసున్నదెవరు?... మీతోని కాదు, మీతోని కాదు! రాండ్రి, మెల్లగ రాండ్రి... బాబూ. నీకు దండం పెడత, ఇప్పుడన్న పేరు చెప్పు."

"తేజేష్ అండి. కాలనీ పెద్దవాళ్ళకి సైబర్ సెక్యూరిటీ క్లాసు చెప్పమని రామచంద్రరావుగారు పిలిచారు. మీరు... కాదా?"

"ఆయనది పై అంతస్తు! ఇంతసేపు నేనడిగినవన్ని ఏమనుకున్నవ్?"

"ప్రాక్టీసు అనుకున్నానండి. మీరు దొంగ, నేను బాధితుణ్ణి."

"లోపటికి వచ్చేముందు ఎవరిల్లో అడుగవా?"

"అడిగానండీ! క్లాసుకొచ్చాను, రామచంద్రరావుగారిల్లు ఇదేనా అని మరీ అడిగాను. ఇదే, రండి, కూర్చోండి అన్నారు."

"ఎవరన్నరు?"

"వీరేనండి."

"సంతోషీ! ముక్కు మొఖం తెల్వనోన్ని, పేరు సుత చెప్పనోన్ని ఇంట్లకు పిలుస్తవా?"

"ఆయన చెప్పేదేంది నాయినా? క్లాసు ఉందని కింద గేటుకు ఈయన ఫోటో, పేరు అతికించిన్రు, వారం కిందనే సూసిన. ఊరు, ఇంటిపేరు, అమ్మ పుట్టింటి పేరు అన్ని ఫేస్‌బుక్కుల దొరికినయి. ప్రతి పుట్టినరోజుకు వాళ్లమ్మ పుట్టిన టైముతోని సహా రాస్తది. పంతులుతోని ఇద్దరి జాతకాలు కలిపి సూపిచ్చిన, మస్తు కుదిరింది."