మొహమాటానికి నడవకండి

సభకు అధ్యక్షత వహిస్తున్న పెద్ద డాక్టరుగారికి, వేదిక మీది పెద్దలకు, కృత్రిమ కాళ్ల తయారీ విభాగంలో ఇన్నేళ్లూ నాతో కలిసి చెమటోడ్చిన మిత్రులకు, ముందు వరసలో కూర్చున్న మా అమ్మాయికి, అల్లుడుగారికి, ఇక నా కాళ్ల మీద నడిచి వచ్చిన మీ అందరికీ నమస్కారం. (నవ్వులు) నా కాళ్లంటే నేను చేసిన కాళ్లని మీకు తెలుసు, కొత్తవాళ్లెవరైనా ఉంటే కంగారుపడతారని చెబుతున్నాను.

అధ్యక్షులవారు నన్ను ఆకాశానికెత్తేశారు. దిగడానికి నిచ్చెన కూడా వారే తెప్పించాలి. (నవ్వులు) ఇంకో రెండేళ్లు ఉండమని ఆసుపత్రి అడిగినా ఈ మనిషి ఎందుకు వెళ్లిపోతున్నాడో అంతుపట్టడం లేదని కూడా వారు అన్నారు. ఆ సంగతి చెప్పి దిగిపోతాను. అది చెప్పాలంటే ఇద్దరి గురించి చెప్పాలి. ఇద్దరూ ఇప్పుడు లేరు.

మొదటాయన మా గురువుగారు. నేను కుర్చీలు, బల్లలు చేసుకునే వడ్రంగిని. ఇక్కడ ఊడిపోయిన తలుపు బిగించడానికి వచ్చి, ఆయన కర్రతో కాలు చెక్కుతుంటే చూస్తూ నిలబడిపోయాను. ఆయన తలెత్తకుండానే, "ఏం నాయనా, తలుపు దానంతటదే బిగుసుకుంటుందా?" అన్నారు. మర్నాడు మళ్లీ వచ్చాను, ఈసారి తలుపు పనేమీ లేదు. "కూర్చో" అన్నారు. అలా కూర్చున్నవాణ్ణి ఇవాళ లేస్తున్నాను.

ఆయనకొక పద్ధతి ఉండేది. కొత్త కాలు తొడుక్కున్న మనిషి మొదటిసారి నడుస్తుంటే ఎదురుగా ఎవరూ కూర్చోకూడదు. కుర్చీని గోడవైపు తిప్పుకుని, అడుగుల చప్పుడు మాత్రమే వినాలి. ఇదేం చాదస్తమండీ అని అడిగాను. "ఎదురుగా మనిషి కూర్చుంటే వీళ్లు మొహమాటానికి నడుస్తారురా. మనం నొచ్చుకుంటామేమోనని నొప్పిని పంటి బిగువున పట్టి, 'బాగుంది' అంటారు. ఆ మాట నమ్మావా, పుండు పడేదాకా నీకు తెలియదు" అన్నారు.

వినడానికి బాగానే ఉంది కానీ నాకు ఆ విద్య అబ్బలేదు. చెప్పుల చప్పుడు తప్ప నా చెవికి ఏమీ అందేది కాదు. అప్పుడే నడక నేర్పించే ఉద్యోగంలో ఒకమ్మాయి చేరింది. గోడవైపు తిరిగి కూర్చుని, "ఎడమ అడుగు భయపడుతోంది, విప్పండి" అనేది. విప్పి చూస్తే లోపల తోలు మడత పడి ఉండేది. నేను ప్రాణం పెట్టి చేసిన కాలును ఆమె ఒక్క మాటతో విప్పించేస్తుంటే నాకు ఒళ్లు మండిపోయేది. "ఆవిడ ఉంటే నేనుండను" అని గురువుగారి దగ్గరికి వెళ్లాను. ఆయన తాపీగా, "పెళ్లి చేసుకో, ఇద్దరూ ఉండొచ్చు" అన్నారు. (నవ్వులు) నవ్వకండి. నాకు కోపం చల్లారడానికే చాలాకాలం పట్టింది, ఆ తర్వాతే చేసుకున్నాను.

ఇంట్లోనూ అదే వరస. కూర బాగుందంటే, "నిజం చెప్పండి" అనేది. నేను ముభావంగా ఉంటే గుచ్చిగుచ్చి అడిగేది కాదు. కుర్చీ అటు తిప్పుకుని కూర్చుని, "ఇప్పుడు చెప్పండి, నేను చూడటం లేదు" అనేది. అటు తిరిగి కూర్చున్న ఆ మనిషికి నేను చెప్పుకోని బాధంటూ లేదు.

గురువుగారు పోయేముందు మంచం పక్కన ఇద్దరం ఉన్నాం. "నిన్ను మెచ్చుకునేవాళ్లు బోలెడుమంది దొరుకుతారు. విప్పమనే మనిషి ఈవిడొక్కతే. జాగ్రత్తగా చూసుకో" అన్నారు నాతో. చూసుకున్నాననే అనుకుంటున్నాను. మొన్న వేసవిలో జ్వరమని ఈ ఆసుపత్రిలోనే, పై అంతస్తులో చేరింది. డాక్టర్లు, నర్సులు చేయవలసిందంతా చేశారు. మనిషి దక్కలేదు.

ఇంట్లో ఉండలేక కొద్ది రోజులకే పనిలోకి వచ్చేశాను. ఆమె కుర్చీలో నేనే కూర్చున్నాను. గోడవైపు తిరిగితే ఆమే గుర్తొస్తోందని కుర్చీని మనుషులవైపు తిప్పుకున్నాను. ఎవర్ని అడిగినా "బాగుందండీ" అన్నారు. ఫరవాలేదు, ఆమె లేకపోయినా నెట్టుకొస్తున్నాననుకున్నాను.

మూడో వరసలో ఉన్న దర్జీ చెల్లెమ్మ ఏమీ అనుకోనంటే ఒక మాట చెబుతాను. తల ఊపుతోంది, చెప్పమంటోంది. పట్టీ ఊడిందని వచ్చింది. కాలు విప్పితే మేజోడు నెత్తురుతో అంటుకుపోయి ఉంది. ఎన్నాళ్ల నుంచో ఆ పుండు మీదే నిలబడి బట్టలు కత్తిరిస్తోంది. "ఎందుకు చెప్పలేదమ్మా?" అని అరిచాను. "ఎలా చెప్పమంటారన్నయ్యా? వదిన పోయి నెల తిరగలేదు. కాలు బాగాలేదంటే మీరింకా కుంగిపోతారని ఊరుకున్నా" అంది. ఆ వెంటనే, మా ఆవిడ పోయిన తర్వాత కాళ్లు తీసుకున్నవాళ్లందర్నీ పిలిపించి విప్పించాను. అలా పుండు దాచుకున్నవాళ్లు ఇంకొందరు బయటపడ్డారు. అందరివీ సరిచేసి ఇచ్చాను. నా మీద జాలితో ఆ నొప్పి భరించారు.

అందుకండీ నేను వెళ్లిపోతున్నది. చేతిలో పనితనం ఇంకా ఉంది, కానీ ఈ మొహం చూసి ఎవరూ నిజం చెప్పరు. నా చోటికి వచ్చిన తమ్ముడు మొదటిరోజే కుర్చీని గోడవైపు తిప్పాడు. అది చూశాక మనసు కుదుటపడింది. అతను చేసిన కాలు నొప్పి పెడితే నిలబడి ఓర్చుకోకండి, అక్కడికక్కడే విప్పేయండి. అతను బాధపడితే పడనివ్వండి.

మీకింత చెబుతున్నాను గానీ, మా అమ్మాయి రోజూ ఫోన్ చేసి "నాన్నా, ఎలా ఉన్నారు?" అంటే నేనేమంటున్నాను? "బాగున్నానమ్మా" అంటున్నాను. "తిన్నారా?" అంటే "తిన్నాను" అంటున్నాను. (ముందు వరసవైపు తిరిగి) బాగాలేనమ్మా. చాలా రోజులు తినకుండానే పడుకున్నాను. మీ అమ్మ లేని ఇంటికి వెళ్లి తాళం తీయాలంటే చేతులు రావడం లేదు. ఫోన్లో అడగలేకపోయాను, ఇప్పుడు ఇంతమందిలో, అల్లుడుగారి ఎదుట అడుగుతున్నాను. నన్ను కొన్నాళ్లు మీ ఇంటికి తీసుకెళ్లండి.

(ముందు వరసలో కుర్చీ జరిగిన చప్పుడు)

అమ్మాయి లేచి వస్తోంది. ఇక చాలిస్తాను. అధ్యక్షులకు, పెద్దలకు, నడిచి వచ్చిన మీ అందరికీ కృతజ్ఞతలు. వెళ్లేటప్పుడు మెట్ల దగ్గర జాగ్రత్త. సెలవు.