సుభాని దొరసానులు

ఏంటి రోహితూ, నిలబడే అడుగుతావేంట్రా, ఆ కుర్చీ లాక్కుని కూర్చో. కొలకలూరు చేలో షెడ్డు వేస్తున్నావని మీ నాన్న చెప్పాడులే. కరెంటు స్తంభం అంత లోపలికి రాదు, సోలారు పెట్టుకుంటావు, బాగానే ఉంది. లిథియం బ్యాటరీ కొనాలా, యాసిడ్ పోసే పాత సీసం బ్యాటరీ కొనాలా అని నన్నడిగితే ఎలారా, పోస్టాఫీసులో ముద్రలు కొట్టి రిటైరైనవాణ్ణి. నాకు తెలిసిందల్లా మా సుభాని సంగతే. నీకు తెలీదులే, నువ్వు అప్పటికి హాస్టల్లో ఉన్నావు. మహబూబ్ సుభాని. మన తెనాలి బోసు రోడ్డులో మైకు సెట్టు కొట్టు ఉండేది. పెళ్ళిళ్ళకి, మీటింగులకి, ఉరుసులకి, వినాయకుడి పందిళ్ళకి, అన్నిటికీ వాడే. కరెంటు పోయినా మైకు ఆగకూడదని లారీ బ్యాటరీలు వెంట తిప్పేవాడు. ఒకసారి మీ కొలకలూరులోనే పెళ్ళి. ముహూర్తం అయిపోయింది, మైకు కట్టెయ్యడం మర్చిపోయాడు. పురోహితుడు పక్కవాడితో, 'భోజనాల దగ్గర నెయ్యి దాస్తున్నార్రా, మనం ముందే వెళ్ళి కూర్చుందాం' అన్నాడు. ఊరంతా వింది! పెళ్ళికూతురి తండ్రి నెయ్యి గిన్నె పట్టుకుని పందిట్లోకి పరిగెత్తుకొచ్చాడు. సుభానిని తిట్టారనుకున్నావా? పురోహితుణ్ణే తిట్టారు. వీడు మాత్రం బ్యాటరీ మీద చెయ్యేసి, 'చూశావా మూర్తీ, చివరి మాట దాకా ఎంత స్పష్టంగా వినిపించిందో' అన్నాడు. అదీ మనిషి.

ఆఁ, ఏం చెప్తున్నాను? తర్వాత ఈ డీజే పెట్టెలు వచ్చాయి గదా, జెనరేటర్లు వచ్చాయి, సుభాని కొట్టు మూతపడింది. కొన్నాళ్ళు ఊరికే అరుగు మీద కూర్చున్నాడు. మనిషి చిక్కిపోయాడు. వాడి భార్య ఖాజాబీ చేపల వేపుడు చేస్తే వీధి మొత్తం వాసన వచ్చేది. ఆవిడే అంది, 'పదండి, సూర్యలంకలో ఒక పాక వేసుకుందాం, ఆదివారం జనం వస్తారు, నేను వండుతాను, మీరు వడ్డించండి' అని. సముద్రానికి దగ్గర్లో సరుగుడు చెట్ల అవతల పాక వేసి, కాపురం కూడా అక్కడే పెట్టారు. కరెంటు ఏదీ? ఆఫీసుకి వెళ్తే 'చూద్దాం' అంటారు, మళ్ళీ వెళ్తే మళ్ళీ 'చూద్దాం' అంటారు. సోలారు పలకలు పెట్టించుకున్నాడు. ఒక చిన్న ఫ్రీజరు, రెండు ఫ్యాన్లు, నాలుగు లైట్లు. వాటికి రెండు పెద్ద బ్యాటరీలు. అంతే, మా సుభానికి ప్రాణం లేచొచ్చింది! వాటికి పేర్లు కూడా పెట్టాడు, పెద్దదొరసాని, చిన్నదొరసాని. నవ్వకు, నిజం. పొద్దున్నే లేచి మూతలు తీసి, గాజు గొట్టంతో లోపల యాసిడ్ పీల్చి, గ్రావిటీ ఎంతుందో, అంటే ఛార్జి ఎంత మిగిలిందో, వెలుతురుకి పట్టి చూసేవాడు. నీళ్ళు తగ్గితే క్యానులోంచి బ్యాటరీ నీళ్ళు గరాటుతో పోసేవాడు. 'దాహం వేసిందా తల్లీ' అనేవాడు. ఉప్పుగాలికి చిలుము పడుతుందని వైరు తగిలించే చోట వాజిలీను రాసేవాడు. యాసిడ్ చింది వాడి లుంగీలన్నీ చిల్లులే. ఆరేస్తే చుక్కలు పొడిచిన ఆకాశంలా ఉండేవి. ఖాజాబీ నాతో మొత్తుకునేది, 'అన్నయ్యా, నా కాళ్ళు బీటలువారి నెత్తురు కారుతుంటే ఏనాడైనా ఒక్క చుక్క పూశాడా? ఆ డబ్బాలకి మాత్రం రోజూ పట్టిస్తాడు. ఇద్దరు సవతులతో కాపురం చేస్తున్నానన్నయ్యా' అని. వీడేమో, 'నువ్వు నోరు తెరిచి అడుగుతావు, అవి అడగలేవుగా పాపం' అనేవాడు.

వాళ్ళకి ఒక్కతే కూతురు, సుమయా. రేపల్లె ఇచ్చారు. అల్లుడు నౌషాద్, ఈ బ్యాటరీతో నడిచే ఆటోలు ఉన్నాయి చూడు, అవి బాగుచేస్తాడు. నెమ్మదైన కుర్రాడు. మామగారి ఎదుట కూర్చోడానిక్కూడా భయమే. వాడు తన చేత్తో ఒక లిథియం బ్యాటరీ కట్టాడు. ఎన్ని రోజులు కట్టాడో ఏమో, చక్కగా నీలం రంగు రేకు పెట్టెలో పెట్టి, పండక్కి వస్తూ మామగారికి తెచ్చాడు. అల్లుడు మిఠాయి తెస్తాడు, పండ్లు తెస్తాడు గానీ బ్యాటరీ తెచ్చేవాణ్ణి అప్పుడే చూశాను. 'మామా, దీనికి నీళ్ళు పొయ్యక్కర్లేదు. మీ వాటిని సగం కంటే ఎక్కువ వాడితే పాడైపోతాయి గదా, దీన్ని అడుగు దాకా వాడుకోవచ్చు. చాలా ఏళ్ళొస్తుంది' అన్నాడు. సుభాని దాన్ని ఎత్తాలని నడుం వంచి, కాళ్ళు ఎడంగా పెట్టి, ఊపిరి బిగబట్టి లేపాడు. తేలిగ్గా పైకి వచ్చేసరికి వెనక్కి తూలాడు. చుట్టాలందరూ ఉన్నారు. 'ఇదేంటి నౌషాదూ, లోపల పెట్టడం మర్చిపోయావా?' అన్నాడు. అందరూ గొల్లున నవ్వారు. అక్కడితో ఊరుకోవచ్చుగా? చెవి దగ్గర పెట్టుకుని ఊపి, 'గవ్వలేమైనా పోశావా' అన్నాడు. ఆ పిల్లవాడు తలొంచుకున్నాడు. సుమయా లోపల్నుంచి వచ్చింది. తండ్రి పోలికే, గొంతు పెద్దది, దానికి మైకు అక్కర్లేదు. 'మా ఆయన నీకోసం వేళ్ళు కాల్చుకుని కట్టాడు నాన్నా. దాన్ని నువ్వు వాడిన రోజే మేము ఈ గడప తొక్కుతాం' అంది. తినకుండానే మొగుణ్ణి తీసుకుని వెళ్ళిపోయింది. సుభాని, 'ఆ డబ్బా ఎక్కడైనా పారెయ్యి' అన్నాడు పెళ్ళాంతో. ఆవిడ దాన్ని తీసుకెళ్ళి వంటింటి అటక మీద ఊరగాయ జాడీల పక్కన పెట్టింది.

పిల్ల రావడం మానేసింది. ఫోను లేదు. వీడు పైకి మీసం దువ్వేవాడు గానీ, రేపల్లె బస్సు పేరు వింటే ముఖం తిప్పుకునేవాడు. ఇంతలో వానలు పట్టాయి. ముసురు పడితే పలకలకి ఎండ ఎక్కడిది? వీడేమో దొరసానుల్ని సగానికి మించి వాడనివ్వడు. గ్రావిటీ తగ్గిందని ఫ్యాను కట్టేస్తాడు, లైటు కట్టేస్తాడు, చివరికి ఫ్రీజరూ కట్టేశాడు. గంపెడు చందువా చేపలు పాడైపోతే ఖాజాబీ ముక్కు మూసుకుని ఇసకలో గొయ్యి తీసి పూడ్చింది. ఆవిడ ఆ రోజు ఏమీ అనలేదుట. ఏమీ అనలేదంటే అక్కడే అనుమానం రావాలి గదా మగవాడికి! రాలేదు. ఆ తర్వాత కార్తీకమాసం. సముద్ర స్నానాలకి జనం విరగబడతారు, తెలుసుగా. అప్పుడూ మబ్బే. కానీ ఆశ్చర్యం, ఈసారి ఫ్రీజరు ఆగలేదు, ఫ్యాను ఆగలేదు. సుభాని ఒకటే ఊదరగొట్టడం. చేపలు తినడానికొచ్చిన ప్రతి గుంటూరు వాడికీ చెప్పాడు, 'చూశారా సార్, మబ్బు పట్టినా నా దొరసానులు ఎలా లాగుతున్నాయో. ఇదీ సీసమంటే. ఈ మధ్య ఏదో లిథియమని చిచ్చుబుడ్డిలాంటిది వచ్చిందండి, మా అల్లుడు కడతాడు, నోరు తిరగని పేరు, బరువులేని సరుకు' అని. నాకు ఫోను చేసి మరీ చెప్పాడు.

మరి బెంగ ఎక్కడ పట్టుకుందంటే, దొరసానులు నీళ్ళు తాగడం మానేశాయి. మూత తీస్తే నిండుగా ఉన్నాయి. మర్నాడు చూసినా నిండుగానే. వాడికి అన్నం సయించలేదు. 'మూర్తీ, వాటికేదో జబ్బు చేసిందిరా. దాహమే వెయ్యట్లేదు' అని ఒక పొద్దున రెండు బ్యాటరీలూ ట్రాలీ ఆటోలో వేసుకుని, ఖాజాబీ నిద్ర లేవకముందే బయల్దేరి తెనాలి వచ్చేశాడు. పక్కనే బాపట్లలో కొట్లు లేవా? ఉన్నాయి. కానీ వాడికి బోసు రోడ్డులో బ్యాటరీలు బాగుచేసే వినోద్ కుమార్ చూస్తేనే నమ్మకం, మనకి పాత డాక్టరు ఉన్నట్టు. నేనూ వెళ్ళాను. బ్యాటరీ కొట్టు బయట బల్ల మీద, ఆపరేషను గది ముందు కూర్చున్నట్టు కూర్చున్నాం. వినోద్ చూశాడు, మళ్ళీ చూశాడు, నవ్వాడు. 'వీటికేం రోగం లేదు బాబాయ్. నిక్షేపంలా ఉన్నాయి. అసలు పనే చెయ్యట్లేదు, ఊరికే కూర్చున్నాయి. పని లేని దానికి దాహమెందుకేస్తుంది?' అన్నాడు. 'పని లేకపోవడమేంటయ్యా! రాత్రింబవళ్ళు ఫ్రీజరు నడుపుతుంటే!' అని అరిచాడు సుభాని. అరిచాక గుర్తొచ్చింది వాడికి, బ్యాటరీలు ఇక్కడున్నాయి, ఫ్రీజరు నిండా చేపలున్నాయి. గబగబా ఫోను తీశాడు. మైకు మనిషి గదా, ఎప్పుడూ స్పీకర్లోనే పెట్టేవాడు. 'ఖాజా, ఫ్రీజర్లో ఐసు వేశావా?' అన్నాడు. అవతల వేపుడు చిటపటలు వినిపిస్తున్నాయి. 'ఐసెందుకు? చక్కగా నడుస్తానే ఉందిగా' అంది.

వినోద్ నవ్వాపుకోలేక కొట్లోకి వెళ్ళిపోయాడు. ఇంకేముంది, ఆవిడే ఫోన్లో ఒప్పుకుంది, వీడు శుక్రవారం నమాజుకి బాపట్ల వెళ్ళినప్పుడు ఆవిడ అల్లుణ్ణి పిలిపించి, వైర్లన్నీ అటక మీది నీలం డబ్బాకి మార్పించేసింది. దొరసానులకి ఒక చిన్న పలక, ఒక్క బుడ్డి లైటు మిగిల్చారు. వంటింట్లోకి వాడు తొంగి చూస్తేగా! చందువాలు పూడ్చిన వారమే జరిగిందిట ఇదంతా. సుభాని, 'నలుగురికీ చెప్పానురా మూర్తీ' అన్నాడు. అంతే అన్నాడు. తర్వాత లేచి, లుంగీ దులుపుకుని, 'పద రేపల్లె' అన్నాడు. ఎందుకురా అంటే చెప్పడు. దొరసానుల్ని వినోద్ దగ్గర వదిలేసి పాసింజరు రైలు ఎక్కాం. జంపని దాటేదాకా అల్లుణ్ణి ఏమేం తిట్టాలో నా మీద వల్లెవేశాడు. 'నా పాకలో దొంగలా దూరి నా వైర్లు ముట్టుకుంటావా? మైకు సుభానినే మోసం చేస్తావా?' పెట్టెలో జనమంతా నేనే దొంగననుకున్నారు. ఒక ముసలమ్మ సంచీ దగ్గరికి లాక్కుంది కూడా. వేమూరు వచ్చేసరికి 'కనీసం నాకు చెప్పాలిగా' దగ్గరికి దిగాడు. భట్టిప్రోలులో వేరుశెనక్కాయలు కొన్నాడు. రేపల్లెలో దిగి, 'నువ్వు ముందు నడవరా' అన్నాడు.

సుమయా తలుపు తీసింది. తండ్రిని చూసి ఏడుస్తుందనుకున్నాను. 'ఆ లుంగీతోనేనా రైల్లో వచ్చింది? వెనకాల చూసుకున్నావా?' అంది. నేను చూశాను, చెప్పలేదు. నౌషాద్ ఆటో కింద పడుకుని ఏదో బిగిస్తున్నాడు. మామగారి కాళ్ళు కనిపించేసరికి ఇంకా లోపలికి జరిగాడు. సుభాని అక్కడే మట్టిలో గొంతుక్కూర్చుని, ఆటో కిందికి వంగి అడిగాడు. 'నౌషాదూ, దానికి నీళ్ళక్కర్లేదన్నావు గదా.' 'అక్కర్లేదు మామా.' 'వాజిలీను?' 'అక్కర్లేదు మామా.' 'గ్రావిటీ?' 'అదీ అక్కర్లేదు.' సుభాని కాసేపు నేల గోకాడు. 'మరి పొద్దున్నే లేచి నేనేం చెయ్యాలయ్యా?' అన్నాడు. నేను వాణ్ణి ఎన్నో ఏళ్ళుగా ఎరుగుదును గానీ ఆ గొంతు ఎప్పుడూ వినలేదురా. మైకులో వెళ్ళే గొంతు కాదది. నౌషాద్ బయటికొచ్చాడు. చేతులు తుడుచుకుని, మామగారి ఫోను తీసుకుని అందులో ఏదో ఎక్కించాడు. బ్యాటరీ నూటికి ఎంత నిండిందో దాంట్లో పడుతుంది. 'మామా, పొద్దున్నే దీన్ని చూసి ఎంతుందో నాకు ఫోన్లో చెప్పాలి. మర్చిపోకూడదు. తేడా వస్తే నాకు తెలియాలి' అన్నాడు. నౌషాద్ తన ఫోన్లోనూ ఎక్కించుకోవచ్చు, ఒకరు చెప్పక్కర్లేదు, నాకు తర్వాత తెలిసింది. సుమయాకి అప్పుడే తెలుసు, పైటచెంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళి అన్నం వడ్డించింది. ఆ ఆదివారమే మొగుడూ పెళ్ళాలు సూర్యలంక వచ్చారు.

దొరసానుల్నా? అమ్మలేదు. వాటికి పాత మైకు తగిలించాడు. పాకలో కూర్చుని, 'నాలుగో బల్ల వారికి విజ్ఞప్తి, మీ చందువా సిద్ధంగా ఉన్నది' అని సముద్రానికి కూడా వినపడేట్టు చదివేవాడు. జనం దాని కోసమే వచ్చేవారు. ఇక పొద్దున్నే అల్లుడికొక ఫోను, నాకొక ఫోను. నేను పళ్ళు తోముకుంటూ ఉండేవాణ్ణి. 'హలో మూర్తీ, సూర్యలంక నుంచి సుభాని. తొంభై ఆరు. ఆకాశం నిర్మలం.' పెట్టేసేవాడు. బాగున్నావా లేదు, ఏం కూర లేదు. ముసురు రోజున మాత్రం గొంతు తగ్గించి, 'నలభై ఒకటిరా, ఎవరికీ చెప్పకు' అనేవాడు. మీ బామ్మ విసుక్కునేది, 'ఈయనకి పొద్దున్నే ఆ అంకెలేంటండీ' అని. కొన్నాళ్ళు పోయాక ఆవిడే, 'ఇవాళ ఎంతటా?' అని వంటింట్లోంచి అడిగేది. మరుసటేడు ఎండాకాలం అనుకుంటా, కరోనా ఇంకా రాలేదు, ఒకరోజు ఫోను రాలేదు. పళ్ళు తోముకున్నాను. కాఫీ తాగాను. పేపరు చదివాను. ముసురేమో, అంకె బాగా పడిపోయి సిగ్గుపడి చెయ్యలేదేమో అనుకుని వాకిట్లోకొచ్చి చూశాను. ఎండ ఫెళ్ళున కాస్తోంది. ఇంతలో ఫోను మోగింది. నౌషాద్. 'బాబాయ్, పొద్దున మామ మీకేమైనా ఫోను చేశారా?' అన్నాడు. ఖాజాబీ నిద్రపోతున్నాడనుకుందిట గానీ, మా సుభాని మరి లేవలేదురా.

ఆ ఫ్యాను కొంచెం తగ్గించరా.