అడ్డమొచ్చిన పిల్లర్

మళ్ళీ ఆ స్టేషన్ గడియారమే! పొద్దుట్నుంచీ టీవీలో నూరుసార్లు చూపించారు. ఆగిపోయిందట. ఆగదా మరి, భూమి అంతలా ఊగితే? మన సందు చూపించరే? కూరల మార్కెట్ వెనక, మూల మీద ఇల్లు, మనం పద్నాలుగేళ్ళు అద్దెకున్న ఇల్లు. ఒక్క అరనిమిషం చూపిస్తే వీళ్ళ సొమ్మేం పోతుంది?

అదుగో, మార్కెట్! చూశావా? ఆ మెట్లు నేను కట్టినవే. ఆ మెట్ల మీదే కూర్చుని నువ్వు గంటలకొద్దీ బేరాలాడేదానివి. అంతా మట్టిదిబ్బ!

అన్నమా? నాకొద్దు. చల్లారితే చల్లారనీ.

ఫోను, ఫోను అని నా ప్రాణం తియ్యకు. ఆ ఇంటి ఓనరావిడ నంబరు నా దగ్గర లేదా ఏంటి? లైన్లు కలవట్లేదు. ఆఁ, చేశాను. చేశానంటున్నానా! ఏంటా చూపు? గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకుంటున్నానా నేను?

సరే. చెయ్యలేదు.

అలా గుమ్మంలో నిలబడకు. వచ్చి కూర్చో.

ఆవిడ కూతురి కోసం కింద గదుల్ని బట్టల షాపు చేయించింది, గుర్తుందా? షాపు ముందు సరిగ్గా మధ్యలో పిల్లర్. "మేస్త్రిగారూ, వచ్చినవాళ్ళంతా దీన్నే గుద్దుకుంటారు, తీసెయ్యకూడదా?" అంది. తియ్యకూడదు. నిన్నగాక మొన్న తాపీ పట్టినవాడైనా ఆ మాట చెప్తాడు. నేను చెప్పలేదు. ముప్పై ఏళ్ళుగా పని చేస్తున్న మేస్త్రిని, నా వల్ల కాదని ఎలా అంటాను? పైన ఇనప దూలమొకటి వేసి పిల్లర్ తీయించేశాను. షాపు తెరిచిన రోజు అందరూ నన్నే పొగిడారు. నువ్వూ పొగిడావు.

ఏడాది తిరక్కుండా మెట్ల పక్క గోడకి పగులొచ్చింది. వెంట్రుకంత. అలాంటప్పుడు పగులు మీద చిన్న గాజుముక్క అతికిస్తాం మేము. గోడ కదులుతుంటే గాజు విరుగుతుంది. అతికించాను. నెల్లాళ్ళకి విరిగింది.

అప్పుడైనా నోరు విప్పానా? పుట్టీ పెట్టి రంగు కొట్టేశాను! "మీరుంటే నాకు ధైర్యం మేస్త్రిగారూ" అని ఆవిడ గ్లాసు నిండా టీ ఇచ్చింది. సిగ్గులేకుండా తాగాను కూడా.

ఆగు, ఇంకా ఉంది. నీ ఆయాసానికి ఆ ఊరి దుమ్ము పడదని డాక్టరు చెప్పాడన్నానే? డాక్టరు అలాంటి మాటే అనలేదు. రోజూ ఆ గోడని చూసుకుంటూ మెట్లెక్కలేకపోయానే! నీ ఆయాసాన్ని అడ్డం పెట్టుకుని నిన్ను బయటికి లాక్కొచ్చాను. నువ్వేమో ఆ ఊరి కోసం, ఆవిడ కోసం ఏడాదంతా ఏడ్చావు. ఆ తల్లీకూతుళ్ళని మాత్రం ఆ కప్పు కిందే వదిలేశాను.

పన్నెండేళ్ళు నిలబడిందిగా, ఇవాళా నిలబడిందేమో. ఏమో! లక్షణమైన ఇళ్ళే కూలిపోయాయంటున్నారు. సాయంత్రంలోపు మళ్ళీ కంపించొచ్చట.

తిట్టు. తర్వాత తీరిగ్గా తిడతావా? మంచిది.

ఇదిగో నంబరు. నువ్వు చెయ్యి. ఆవిడ తీస్తే, ఉన్నపళంగా కూతుర్ని తీసుకుని బయటికి పొమ్మను. సామాన్ల కోసం కూడా మళ్ళీ లోపల అడుగు పెట్టొద్దని చెప్పు. ఎందుకని అడిగితే, ఉన్నదున్నట్టు చెప్పెయ్.

ఫోను నాకిమ్మంటే... ఇంట్లో లేడని చెప్పు.