రేపటి ఏడుపు వినే పెట్టె

"రండ్రా, దగ్గరికి జరగండి. బెంచీ మీద ఇద్దరు, మిగతావాళ్ళు కింద. కాళ్ళు ముడుచుకోండి, మనుషులు తిరగాలి," అన్నాడు గడియారాలు బాగుచేసే మామ. బడి నుంచి వచ్చే పిల్లలకి అతని కోతలంటే చెవి కోసుకునేంత ఇష్టం. టీ కొట్టు ముందు ఉన్నవాళ్ళు ఉన్నట్టే చతికిలబడ్డారు. పక్క దుకాణం దర్జీ కూడా మెడలో టేపు తియ్యకుండానే వచ్చి నిలబడ్డాడు.

"మా పాపకి మోటారు ఉయ్యాల కొన్నానా. మీట నొక్కితే నిద్రపోతుందన్నాడు అమ్మినవాడు. నొక్కితే అది గానుగలా తిరిగింది. విప్పి, లోపల గోడగడియారం లోలకం బిగించాను. నిమిషంలో పాప నిద్ర."

"అందులో గొప్పేముంది?" అన్నాడు దర్జీ.

"ఆగు బావా. ఆ తర్వాత ఏమైందో తెలుసా పిల్లలూ? ఆ ఊపు చూసి మీ అత్త నిలబడ్డచోటే నిద్రపోయింది. పై వాటావాళ్ళూ నిద్రపోయారు. కిటికీలోంచి చూసిన బస్సు డ్రైవరు వీధి మధ్య బస్సాపి గుర్రుపెట్టాడు. లోపలి జనం కూడా. చివరికి సూర్యుడికే కునుకు పట్టి, ఆ పూట గంటన్నర ఆలస్యంగా పడమట దిగాడు."

పిల్లలు పడీపడీ నవ్వారు. ఆ ఉయ్యాలలో పాప ఒక్క పూటైనా పడుకోలేదనీ, ఇప్పుడందులో ఉతికిన బట్టలు పడున్నాయనీ అతను చెప్పలేదు.

"ఇక తోపుడు బండి. దానంతటదే పాపని తిప్పుకొస్తుంది. సందు మలుపులు దానికి కంఠతా వచ్చు."

"మీ మెట్ల కింద గొలుసుతో కట్టేసి ఉంటుందే, అదేనా?"

"కట్టెయ్యకపోతే ఊరు దాటిపోతుంది బావా."

అతని ఇల్లు మూడో అంతస్తులో. బండి గుమ్మంలో పట్టదు. మెట్ల దగ్గర వచ్చేపోయేవాళ్ళందరి మోకాళ్ళకీ తగులుతుంది.

"అన్నిటికంటే గొప్పది ఏడుపు పెట్టె. పాప పక్కన ఒకటి, మన పక్కన ఒకటి. ఏడిస్తే ఇక్కడ వినిపిస్తుంది."

"ఉన్నది గదిన్నర ఇల్లు. ఏడుపు వినడానికి పెట్టెందుకయ్యా?" అంది టీ కొట్టు అక్క, పాలు కలియబెడుతూ.

"మామూలు ఏడుపుకి కాదక్కా. నేను దాని తీగలు మార్చాను. మొదట గంట ముందే వినిపించేది. తర్వాత పూట ముందు. ఇప్పుడైతే..." అతను ఖాళీ టీ గ్లాసు ముందు పెట్టాడు. "ఇప్పుడు రేపటి ఏడుపు ఇవాళే వినిపిస్తోంది. పొద్దున్నుంచీ అదే వింటున్నాను."

ఈసారి పిల్లల్లో ఇద్దరే నవ్వారు.

"రేపట్నుంచి మీ ఆవిడ పనిలోకి వెళ్తోందిగా," అంది అక్క. "పగలంతా పాప నీ దగ్గరే."

"నా దగ్గరే."

"ఎంత బరువుంటుంది తమ్ముడూ పాప?"

అతను నోరు తెరిచాడు. ఉయ్యాల పద్దెనిమిది కిలోలు, బండి పదకొండు. ఆ అంకెలు నాలుక చివరే ఉన్నాయి. పాపది మాత్రం రాలేదు.

"తూకం అడగట్లేదయ్యా. ఎత్తుకుంటే చేతికి ఎంత అనిపిస్తుందీ అని."

అతను తన వేళ్ళకేసి చూసుకున్నాడు. వెంట్రుకంత స్ప్రింగుని వణక్కుండా తీసే వేళ్ళు.

"పట్టకారు లేకుండా నాకేదీ పట్టుకోవడం రాదక్కా," అన్నాడు చివరికి. "మొదటి రోజు ఎత్తుకుంటే మెడ వాల్చేసింది. విరిగిందనుకున్నాను. ఐదు నెలలైంది. నా చేతులతో పనిలేకుండా ఉండాలని ఒకటి తర్వాత ఒకటి కొంటూ పోయాను. ఏదీ పనికిరాలేదు."

దర్జీ మెడలోని టేపు తీసి, చుట్టడం మొదలుపెట్టాడు.

"కథ అయిపోయిందా మామా?" అంది ఒక పిల్ల.

"అయిపోయిందమ్మా. లేవండి. చీకటి పడకముందే ఇళ్ళకి పోయి, చేతులు కడుక్కుని తినండి."

పిల్లలు దుమ్ము దులుపుకుంటూ వెళ్ళిపోయారు. అతను మాత్రం బెంచీ మీదే ఉన్నాడు.

అక్క అతని ముందున్న ఖాళీ గ్లాసు తీసేసింది. "నువ్వూ వెళ్ళు తమ్ముడూ. నువ్వు పాపని అందుకుంటేగానీ అక్కడ మీ ఆవిడకి నాలుగు ముద్దలు తినడం కుదరదు."